పసుపును పరీక్షిస్తే అపచారమా?

మొన్న ఉగాదినాడు మన ఆలయ భోజనశాలలో, పంక్తిలో నా ప్రక్కన కూర్చున్న ఒక పెద్దావిడ మోకాళ్ళ నొప్పితో లేవలేక అవస్థపడుతున్నారు. ఎదుటి వరుసలోని ఒక పెద్దమనిషి తన సంచిలోనుండి పసుపు గుళికల సీసా తీసి ఆప్యాయంగా ఆమె చేతిలో పెట్టారు. “రోజుకు రెండు వేసుకోండమ్మా. మన పూర్వులు వేల ఏళ్ళ క్రితమే చెప్పిన మందు. వీళ్ళు ఇప్పుడిప్పుడే కళ్ళు తెరుస్తున్నారు” అన్నారు. ఆ పెద్దావిడ మనుమరాలు, హైస్కూలు చదువుతున్న పిల్ల, సీసాను అటూ ఇటూ త్రిప్పి చూసి, “ఇది పనిచేస్తుందని ఎవరైనా పరీక్ష చేశారా, తాతగారూ?” అని అడిగింది. తెలుగు కొంచెం తడబడినా మాటలో అమర్యాద లేదు. ఆయన పెద్దగా నవ్వి, “అమ్మమ్మ వంటింటికి కూడా పరీక్షలు పెడతావా తల్లీ? ఇదేనా ఇక్కడి చదువు నేర్పింది?” అన్నారు. వరుసంతా నవ్వింది. పిల్ల తల వంచుకొని పులిహోర కెలుకుతూ కూర్చుంది.

ఆ నవ్వినవారిలో నేనూ ఉన్నాను. ఇంటికి వచ్చిన తరువాత ఆ నవ్వుకు సిగ్గుపడ్డాను. ఎందుకంటే, ఆ పిల్ల అడిగిన ప్రశ్నను అడగవలసిన వేళ అడగక నేను చేసిన తప్పు ఒకటి ఉన్నది.

మా పెద్దక్కయ్య తెనాలిలో ఉంటుంది. ఏడేళ్ళ క్రితం ఆమెకు చేతివ్రేళ్ళ కణుపులు వాచి, తెల్లవారుజామున పిడికిలి బిగియడం కూడా కష్టమైనది. వైద్యులు చూసి అది వయసుతో వచ్చే అరుగుదల కాదని, రుమటాయిడ్ ఆర్థరైటిస్ అని, అంటే శరీరపు రక్షణ వ్యవస్థే దారి తప్పి కీళ్ళమీద పడి వాటిని తినివేసే జబ్బు అని తేల్చి, వారానికి ఒకమారు వేసుకొనే మెతోట్రెక్సేట్ మాత్ర వ్రాశారు. అక్కయ్య మాత్రల అట్టలోని కాగితం చదివించుకొని, అందులో కాన్సర్ అనే మాట చూసి హడలిపోయింది. ఫోనులో నాతో, “ఈ ఇంగ్లీషు మందు వేడిరా. అక్కడ మంచి పసుపు గుళికలు దొరుకుతాయటగా?” అన్నది. ఆరు సీసాలు పంపాను. ఆపైన మరొక ఆరు. పదునాలుగు నెలలు ఆమె మాత్ర మానివేసి గుళికలు మింగింది. మళ్ళీ వైద్యుని దగ్గరకు వెళ్ళేనాటికి కుడిచేతి మూడు వ్రేళ్ళు వంకరపోయాయి. మాత్ర మళ్ళీ మొదలుపెట్టగా నొప్పి తగ్గింది, వాపు తగ్గింది. వ్రేళ్ళు మాత్రం తిన్నబడలేదు. సంక్రాంతికి వీధి నిండా చుక్కల ముగ్గు వేసిన చెయ్యి అది. ఇప్పుడు ముగ్గుపిండి ఆ వ్రేళ్ళ నడుమ నిలువదు.

ఆ గుళికలను ఏ ఆలయంలోనో, ఏ ఉపన్యాసంలోనో ఎవరో అంటగట్టారని చెప్పుకొంటే నాకు తేలికగా ఉండేది. పంపింది నేను, డబ్బు కట్టింది నేను. అందుచేత ఇకపై ఈ వ్యాసంలో నేను ఎవరిని తప్పుపట్టినా ఆ వరుసలో మొదటివాడిని నేనే.

ఇప్పుడు ఒక చిత్రమైన సంగతి. “మనది” అనే మాటకోసం అక్కయ్య మానివేసిన ఆ “ఇంగ్లీషు” మాత్ర ఎవరిది? 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారిది. ఖద్దరు కట్టినందుకు మద్రాసు వైద్య కళాశాలలో పెద్ద పట్టా పోగొట్టుకొని, చిన్న పట్టాతో సరిపెట్టుకొన్న మనిషి. ఆ పట్టాతో ఆయన మద్రాసులో ఒక ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పారు. 1920లలో బోస్టను చేరి హార్వర్డులో పనిచేసి, 1940లో న్యూయార్కు రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలకు వచ్చారు. 1941లో కొందరు శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూరనుండి చిటికెడు పదార్థం తీసి, ఆకు అనే అర్థం వచ్చే లాటిన్ మాటతో దానికి ఫోలిక్ ఆమ్లమని పేరుపెట్టారు. సుబ్బారావుగారి బృందం 1945 నాటికి దానిని ప్రయోగశాలలోనే తయారుచేసింది. ఆపైన దాని ఆకృతిని కొద్దిగా మార్చి, కణాలను భ్రమింపజేసి వాటి పెరుగుదలను అడ్డగించే పదార్థాలను తయారుచేసింది. ఆ కుదురులోనిదే మెతోట్రెక్సేట్. మొదట పిల్లల రక్తపు కాన్సరుమీద ఈ జాతి మందులను వాడారు. 1988లో అమెరికా ప్రభుత్వం మెతోట్రెక్సేట్‌ను కీళ్ళవాతానికి అనుమతించింది. నేటికీ ఆ జబ్బుకు వైద్యులు మొట్టమొదట వ్రాసే మందు అదే. వారానికి ఒక మాత్ర అది. దానివల్ల కలిగే లోటు పూడ్చడానికి తోడుగా ఇచ్చేది మళ్ళీ ఫోలిక్ ఆమ్లమే.

ఆకులో మొదలై, ఆయుర్వేద కళాశాల మెట్లు ఎక్కి దిగిన ఒక తెలుగువాని చేతిమీదుగా వచ్చిన మందు “పరాయిది” అయినది. ఇక్కడి కర్మాగారంలో గుళికకు ఎక్కించి, సీసాకు బిగించి, తామరపువ్వు బొమ్మ అంటించిన సరుకు “మనది” అయినది. మా ఇంట్లో జరిగింది ఇదే. చాలా ఇళ్ళలో జరుగుతున్నదీ ఇదేనని నా అనుమానం.

పరీక్ష కోరేవారికి సాధారణంగా వచ్చే జవాబు ఒకటి ఉన్నది. “వేల ఏళ్ళుగా కోట్లమంది వాడారు. అంతకన్న పెద్ద పరీక్ష ఏమున్నది?” ఈ మాటను తేలికగా కొట్టివేయరాదు. కొన్నింటికి అనుభవమే చాలు. ఆముదం విరేచనకారి అని తెలుసుకోవడానికి ఏ విశ్వవిద్యాలయమూ అక్కరలేదు. ఒక పూటలో తేలిపోతుంది. బాలింతకు వావిలాకు వేసి కాచిన నీళ్ళు పోస్తే ఒళ్ళు తేలికపడుతుందని మన అమ్మమ్మలకు తెలుసు. నేను కాదనను. కానీ మోకాలి నొప్పి ఆముదం వంటిది కాదు. అది ఎండకు ఒక తీరు, చలికి ఒక తీరు. ఒక నెల మంచాన పడవేస్తుంది, మరుసటి నెల మెట్లెక్కనిస్తుంది. మనం మందుకోసం పరుగెత్తేది నొప్పి పరాకాష్ఠలో ఉన్నప్పుడు. పరాకాష్ఠ తరువాత ఏది మ్రింగినా, ఏమీ మ్రింగకపోయినా, కొంత తగ్గే తీరుతుంది. ఆ తగ్గుదల పుణ్యమంతా ఆ వారం చేతికి దొరికిన సీసాకు పోతుంది. అందుకే నొప్పి మందును పరీక్షించేటప్పుడు సగంమందికి మందు, సగంమందికి అచ్చం అలాగే కనిపించే ఉత్త గుళిక ఇచ్చి, ఎవరికి ఏది ఇచ్చారో రోగికీ వైద్యునికీ కూడా తెలియకుండా ఉంచుతారు. ఇందులో రోగిమీద అనుమానం లేదు. నొప్పి స్వభావం మీద అనుమానం.

ఇక కీడు సంగతి. మందు వేసుకొన్న గంటలో వాంతి అయితే ఊరంతా గుర్తుపెట్టుకొంటుంది. పదేళ్ళకు మూత్రపిండాలు చెడితే, దానికీ నాడు త్రాగిన కషాయానికీ ముడి ఎవరు వేస్తారు? 1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గడానికి చైనా మూలికలు వాడినవారిలో నూరుమందికి పైగా మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. ఒక మూలికకు బదులుగా అరిస్టొలోకియా జాతి మొక్క వేరు కలవడమే కారణమని తేలింది. ఆ జాతి మొక్కలను యూరపులోనూ చైనాలోనూ శతాబ్దాలుగా వైద్యంలో వాడుతూనే ఉన్నారు. మన నల్లరేగడి చేలలో పెరిగే గాడిదగడపాకు ఆ జాతిదే. శతాబ్దాల అనుభవం ఆ కీడును పట్టుకోలేకపోయింది. పట్టుకొన్నది కొన్నేళ్ళపాటు రోగుల లెక్కలు వ్రాసుకొన్న వైద్యులు. పూర్వులు అవివేకులని నేను అనడం లేదు. వారి కంటికి అందని దూరంలో జరిగిన దానిని వారు చూడలేదు, అంతే.

ఆ పూర్వులైనా పరీక్షను నిషేధించారా? చరక సంహిత సూత్రస్థానం పదకొండవ అధ్యాయంలో, ఒక విషయం నిజమో కాదో తేల్చుకొనే మార్గాలు నాలుగని ఉన్నది: ఆప్తోపదేశం, ప్రత్యక్షం, అనుమానం, యుక్తి. వాటికి చరకుడు పెట్టిన పేరే పరీక్ష. పెద్దల మాట నాలుగింటిలో ఒకటి. మనం మిగిలిన మూడింటిని గట్టుమీద పెట్టి, ఆ ఒక్కదానినీ నెత్తిన పెట్టుకొని, దానికి సనాతనమని పేరు పెట్టుకొన్నాం. పిల్ల అడిగింది చరకుని ప్రశ్న. ఆమెను నవ్వులపాలు చేసినవారు ఏ గ్రంథం ఆధారంగా చేశారో చెప్పాలి.

మన సభలలో తప్పక వినిపించే మరొక వాదం పసుపు పేటెంటుది. “అమెరికావాళ్ళే పసుపు గొప్పతనాన్ని ఒప్పుకొన్నారు” అని ముగించి చప్పట్లు కొట్టించుకొంటారు. జరిగింది వేరు. 1995లో మిసిసిపీ విశ్వవిద్యాలయపు వైద్యకేంద్రంవారికి, గాయాలు మాన్పడానికి పసుపు వాడడంమీద అమెరికా పేటెంటు దొరికింది. మన దేశపు శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన మండలి, మషేల్కర్‌గారి నాయకత్వంలో, దానిని సవాలు చేసింది. సంస్కృత గ్రంథాలతోపాటు 1953లో భారత వైద్యసంఘపు పత్రికలో అచ్చయిన ఒక వ్యాసాన్ని కూడా సాక్ష్యంగా పెట్టింది. 1997లో పేటెంటు రద్దయింది. అది నిజంగా గర్వించదగిన విజయం. కానీ ఆ కార్యాలయం తేల్చింది ఒక్కటే: ఈ వాడుక కొత్తది కాదు అని. పసుపు పనిచేస్తుందా, ఎంత పనిచేస్తుంది, ఎవరికి పనిచేస్తుంది అనేవి అక్కడి ప్రశ్నలే కావు. ఇల్లు మనదని దస్తావేజు చూపించి గెలిచాం. ఇల్లు వాన కురిస్తే కారుతుందో లేదో దస్తావేజు చెప్పదు.

మరి పరీక్షలు ఏం చెప్పాయి? పసుపును వెనుకేసుకొచ్చేవారూ వెక్కిరించేవారూ ఇద్దరూ చదవని భాగం ఇది.

థాయిలాండులో మోకాలి అరుగుదల ఉన్న 367 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు రోజుకు 1,500 మిల్లీగ్రాముల పసుపు సారం, మరొక జట్టుకు 1,200 మిల్లీగ్రాముల ఐబుప్రోఫెన్ నాలుగు వారాలపాటు ఇచ్చారు. ఫలితాలు 2014లో వెలువడ్డాయి. నొప్పి విషయంలో పసుపు సారం దాదాపు ఐబుప్రోఫెన్‌తో సమానంగా నిలిచింది. కడుపు ఉబ్బరం, కడుపునొప్పి తక్కువ. చిన్న విజయం కాదు. అయితే ఇందులో ఉత్త గుళిక ఇచ్చిన జట్టు లేదు. ఆ లోటును ఆస్ట్రేలియాలోని టాస్మేనియావారు 2020లో పూడ్చారు. మోకాలిలో నీరుచేరి వాచిన 70 మందికి పన్నెండు వారాలు, సగంమందికి పసుపు సారం, సగంమందికి ఉత్త గుళిక. నూరు మిల్లీమీటర్ల కొలబద్దపై నొప్పిని గుర్తించమంటే, పసుపు జట్టువారిలో ఉత్తగుళికవారికన్న సుమారు 9 మిల్లీమీటర్లు అదనంగా తగ్గింది. ఎమ్మారై తీసి చూస్తే మోకాలిలోని వాపులో రెండు జట్లకూ తేడా లేదు.

ఆ చివరి వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. నొప్పి కొంత తగ్గింది, వాపు తగ్గలేదు. సీసాల మీదా ఉపన్యాసాలలోనూ ఈ రెండూ ఒకే ఊపిరిలో వస్తాయి. “నొప్పినీ వాపునూ హరిస్తుంది” అంటారు. అరిగిన మోకాలికి ఆ తేడా పెద్ద ప్రమాదం కాకపోవచ్చు. అక్కయ్య జబ్బులో ఆ తేడాయే ప్రాణం. అక్కడ లోపలి మంట చల్లారకపోతే, నొప్పి కాస్త తగ్గినా ఎముక తినివేయబడుతూనే ఉంటుంది. మన వాడుకలో రెండు జబ్బులకూ “కీళ్ళనొప్పులు” అనే ఒకే మాట. ఆ ఒక్క మాటే మమ్మల్ని ముంచింది. అరుగుదలమీద జరిగిన పరీక్షను చూపించి, రక్షణ వ్యవస్థ జబ్బు ఉన్నవారికి సీసా అమ్మడం, చెరువులో ఈదినవానిని చూపించి సముద్రంలో దిగమనడమే.

ఇందులో మనవారి చెయ్యి లేకపోలేదు. సాంబ్రాణి జాతి చెట్టు అండుగు, మన అడవులది. దాని బంక సారాన్ని 75 మంది మోకాలి రోగులమీద తొంభై రోజులు, ఉత్త గుళికతో పోల్చి చేసిన పరీక్ష 2008లో వెలువడింది. ఆ సారాన్ని తయారుచేసినది విజయవాడ సంస్థ. ఆ తరువాత కొక్రేన్ సమీక్షకులు 2014లో ఇటువంటి చిన్న పరీక్షలను కలిపి చూసి, నూరు మార్కుల కొలబద్దపై నొప్పి ఉత్తగుళికకన్న సుమారు 17 మార్కులు తక్కువగా ఉన్నదని లెక్కకట్టారు. పాల్గొన్నవారు తక్కువ, తయారీదారులే పరీక్ష చేయించారు, కనుక ఇంకా పెద్ద పరీక్షలు కావాలి. అయినా దారి ఇది. ధూపం వేసి నమస్కరించే బంకనే పరీక్ష గదికి తీసుకువెళ్ళారు. ఏ దేవతా ఆగ్రహించలేదు.

కానీ మన ఫార్మసీ కళాశాలలనుండి ఏటేటా గుట్టలుగా వెలువడే పరిశోధనలలో ఎక్కువభాగం ఈ దారిన ఇంత దూరం రావు. వాటి కథ ఎలుక కాలితో ముగుస్తుంది. సముద్రపు నాచునుండి తీసే కారాజీనన్ అనే పదార్థాన్ని ఎలుక పాదంలోకి ఎక్కిస్తే గంటలలో పాదం వాస్తుంది. ముందుగా ఏదో ఆకు సారం తాగించి, వాపు ఎంత తగ్గిందో కొలుస్తారు. 1962నుండి వాడుకలో ఉన్న మంచి పద్ధతే. వడపోతకు మొదటి జల్లెడ అది. మనవారు ఆ జల్లెడనే వంట అనుకొన్నారు. సాధారణంగా ఎలుకకు ఇచ్చేది శరీరపు కిలో బరువుకు 200, 400 మిల్లీగ్రాములు. శరీర విస్తీర్ణం లెక్కన తగ్గించినా 70 కిలోల మనిషికి రోజుకు నాలుగున్నర గ్రాముల ఎండు సారం అవుతుంది. అంత ఎవరు మ్రింగుతారు? సారంలోని ఏ పదార్థం పనిచేసింది? మనిషి ప్రేగు దానిని పీల్చుకొంటుందా? ఈ ప్రశ్నలకు ముందే వ్యాసం “సంప్రదాయ వాడుక శాస్త్రీయంగా రుజువైనది” అని ముగుస్తుంది. మరునాటికి అది వాట్సాప్‌లో మన అందరి ఫోన్లకూ చేరుతుంది. నేను ఆ వాక్యాన్ని అక్కయ్యకు చదివి వినిపించినవాడిని.

పసుపులోని కర్క్యుమిన్‌తో ఇంకొక చిక్కు ఉన్నది. వంటపసుపులో అది నూటికి సుమారు మూడు పాళ్ళే. అందులోనూ మన ప్రేగు పీల్చుకొనేది స్వల్పం. పరీక్షనాళికలో అది దానంతటదే మెరుస్తుంది, విరిగిపోతుంది, ఎదురైన ప్రతి మాంసకృత్తుకూ అంటుకొంటుంది. దానితో నిజంగా పనిచేయకపోయినా పనిచేసినట్లు యంత్రం చూపుతుంది. ఇట్లా మోసగించే పదార్థాలకు రసాయనజ్ఞులు పెట్టుకొన్న పొట్టిపేరు “పెయిన్స్”. నొప్పి మందుకు ఆ పేరు రావడం విధి వేళాకోళం. 2017లో కొందరు రసాయనజ్ఞులు ఈ సంగతులన్నీ గుదిగుచ్చి ఒక పెద్ద సమీక్ష ప్రకటించారు. దానిని మన సభలలో ఎవరూ ప్రస్తావించగా నేను వినలేదు.

“అందుకేగా మిరియాలు కలుపుతారు” అంటారు తెలిసినవారు. నిజమే. 1998లో బెంగుళూరు పరిశోధకులు రెండు గ్రాముల కర్క్యుమిన్‌కు 20 మిల్లీగ్రాముల మిరియపు సారం జోడిస్తే రక్తంలోకి చేరేది ఇరవై రెట్లు పెరిగిందని చూపారు. కాని మిరియపు సారం ఆ పని ఎలా చేస్తున్నది? పరాయి పదార్థాలను త్వరగా పంపివేసే కాలేయపు పనిని నెమ్మదింపజేసి. ఆ నెమ్మది పసుపుకొక్కదానికే వర్తించదు; ఫెనిటాయిన్ వంటి మందులు కూడా రక్తంలో పెరుగుతాయి. మన భోజనశాలలో సగంమంది రోజూ నాలుగైదు మాత్రలు వేసుకొనే వయసువారు. అమెరికాలో మందులవల్ల కాలేయం దెబ్బతిన్నవారిని గమనించే వైద్యుల బృందం 2022లో పసుపు గుళికలవల్ల జబ్బుపడిన పదిమంది వివరాలు ప్రకటించింది. అయిదుగురు ఆసుపత్రిలో చేరారు. ఒకరు మరణించారు. పదిమందిలో ఏడుగురికి ఒకే విధమైన జన్యులక్షణం ఉన్నది. మూడు సరుకులలో మిరియపు సారం కలిసి ఉన్నది. కోట్లమంది వాడేదానిలో పదిమంది తక్కువే అనవచ్చు. వంటింటి పోపుడబ్బాలోని పసుపుకు ఈ భయం అక్కరలేదు కూడా. కాని గుళిక వంటింటి పసుపు కాదు. అది సారం తీసి, చిక్కబరచి, ప్రేగును ఏమార్చి లోపలికి పంపే పదార్థం. మందులాగ పనిచేయాలని కోరుకొన్నప్పుడు మందులాగ కీడు చేయగలదని కూడా ఒప్పుకోవాలి.

ఆ పిల్ల చేతిలోని సీసాను నేను తరువాత అడిగి తీసుకొని చదివాను. ముందువైపు పెద్ద అక్షరాలలో కీళ్ళ ఆరోగ్యమని ఉన్నది. వెనుకవైపు చీమతలకాయలంత అక్షరాలలో, ఈ మాటలను ప్రభుత్వ ఆహార ఔషధ సంస్థ పరిశీలించలేదనీ, ఈ సరుకు ఏ జబ్బునూ నయం చేయడానికి ఉద్దేశించినది కాదనీ ఉన్నది. 1994 నాటి చట్టం ప్రకారం అలా వ్రాస్తే చాలు. పనిచేస్తుందని రుజువు చూపకుండా అమ్ముకోవచ్చు. పెద్దమనిషిగారు మందని ఇచ్చిన దానిని, తయారుచేసినవాడే మందు కాదని అచ్చువేసి ఒప్పుకొన్నాడు. అమ్మేవాని కన్న మన నమ్మకం గట్టిది!

ఇన్ని చెప్పి, పరీక్షలో ఘనంగా నెగ్గిన ఒక మొక్క గురించి చెప్పకపోతే అన్యాయం. అది మన గుంటూరు ఘనత అయిన మిరప. అందులోని మంట పదార్థం క్యాప్సైసిన్ మన నరాల్లో ఏ ద్వారాన్ని తడుతుందో డేవిడ్ జూలియస్ బృందం 1997లో కనిపెట్టింది. ఆయనకు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. నూటికి ఎనిమిది పాళ్ళు క్యాప్సైసిన్ ఉన్న పట్టీని, అక్కి లేచి తగ్గిన తరువాత మిగిలే నరాల మంటకు 2009లో అమెరికా ప్రభుత్వం అనుమతించింది. మంటతో మంటను ఆర్పే మందు. మరి ఈ మిరపకు వేల ఏళ్ళ సంప్రదాయం మనలో ఉన్నదా? లేదు. చరకునికి మిరప తెలియదు. పోర్చుగీసువారు ఓడలమీద తెచ్చేదాకా మన కారం మిరియాలే. “మనది, సనాతనం” అనే కొలబద్దతో చూస్తే మిరప గడప దాటనే కూడదు. పరీక్ష కొలబద్దతో చూస్తే ముందు వరుసలో కూర్చున్నది.

ఈ మాటలు వ్రాయడంవల్ల నన్ను రెండవ గుంపులో చేర్చకండి. మన ఇళ్ళలోనే కొందరు యువకులు అమ్మమ్మ పసుపుపాలను చూసి మూఢనమ్మకమని మూతి విరుస్తారు. వారూ ఆ థాయి పరీక్షను చదవలేదు. విల్లో చెట్టు బెరడు నమిలే అలవాటే చివరకు ఆస్పిరిన్ అయినదని వారికి గుర్తుచేయాలి. చదవకుండా మ్రొక్కడానికీ చదవకుండా ఎగతాళి చేయడానికీ నాకు పెద్ద తేడా కనబడదు. ఇద్దరికీ శ్రమ లేదు.

ఇక ఆలయ కార్యవర్గానికి నా విన్నపం. పండుగరోజులలో మన ప్రాంగణంలో గుళికలు, తైలాలు, చూర్ణాలు అమ్మే బల్లలకు అద్దె తీసుకొని చోటిస్తున్నాం. నిధుల అవసరం నాకు తెలుసు. రెండేళ్ళు ఆ లెక్కలు చూసినవాడినే. అయినా దేవుని గడపలో అమ్మిన సరుకుకు దేవుని పూచీ ఉన్నట్లు మన ముసలివాళ్ళు నమ్ముతారు. జబ్బు పేరు చెప్పి అమ్మే ఏ సరుకుకూ వచ్చే దసరానుండి చోటు ఇవ్వవద్దు. ఆ అద్దె సొమ్ము లోటును పూడ్చడానికి నా వంతు నేను ఇస్తాను. సంవత్సరానికి రెండుసార్లు జరిపే వైద్యశిబిరంలో రక్తపోటు చూసే బల్ల ప్రక్కన మరొక బల్ల వేయించండి. ఎవరి ఇంట్లో ఉన్న సీసాలు వారు సంచిలో వేసుకొని తెస్తే, మన సభ్యులలోని ఫార్మసిస్టులు వారు వేసుకొనే మాత్రలతో సరిచూసి చెబుతారు. ఇప్పటికే ముగ్గురు ఒప్పుకొన్నారు.

ఆ పిల్లతో కూడా మాట్లాడాను. మొదట రానన్నది, మళ్ళీ నవ్వుతారని భయం. టాస్మేనియా పరీక్షను తెలుగులో పదిహేను నిముషాలు చెప్పమని, తెలుగు తడబడితే నేను ప్రక్కన ఉంటానని చెబితే, వాళ్ళ అమ్మమ్మగారు కూడా ముందు కూర్చోవాలనే షరతుమీద ఒప్పుకొన్నది. వచ్చే నెల మూడవ ఆదివారం, హారతి తరువాత, మేడమీది గదిలో. సీసా ఇచ్చిన పెద్దమనిషిగారిని నేనే స్వయంగా వెళ్ళి పిలిచాను. వస్తామన్నారు, కానీ తన ప్రశ్నలు తనకూ ఉన్నాయన్నారు. ఎన్ని ఉన్నా అడగమన్నాను.